ఇంట్లో ఉండే ఆ నాలుగు నెలలు

జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె నుంచి ముప్పై ఏళ్ల యువకుడు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టొద్దని కోరారు. చాలా వివరంగా రాశారు. అవసరమైనంత వరకు కుదించి చెబుతాను.

ఆయన సముద్రంలో కయాకింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పొడవాటి పడవ. డిగ్రీ చివరి ఏడాది స్నేహితులతో గండికోటకు పోయినప్పుడు, కోట కింద పెన్న లోయలో నిలిచిన మైలవరం డ్యామ్ నీళ్ల మీద మొదటిసారి అందులో కూర్చున్నారు. తర్వాత గోవాలో లైఫ్ సేవింగ్ నేర్చుకుని, ఒక క్యాంపులో సామాన్లు మోసే హెల్పర్‌గా చేరి, మెల్లగా ఇన్‌స్ట్రక్టర్ అయ్యారు. ఆరేళ్లుగా అక్టోబరు నుంచి జనవరి దాకా కర్ణాటక తీరంలో ఒకరి దగ్గర, ఫిబ్రవరి నుంచి మే దాకా అండమాన్‌లో ఇంకొకరి దగ్గర పని. నెలకు 28,000 జీతం. తిండి, గది వాళ్లవే. మే ఆఖరుకల్లా నైరుతి రుతుపవనాలు రాగానే సముద్రం లేస్తుంది, పని ఆగిపోతుంది. తన సొంత తెడ్డు, లైఫ్ జాకెట్, ఒక పెద్ద బ్యాగు పట్టుకుని ఇంటికొస్తారు. మళ్లీ అక్టోబరు దాకా ఖాళీ.

"జూన్‌లో అమ్మ నాకిష్టమైనవన్నీ వండి పెడుతుంది. జూలైలో ఊళ్లో వాళ్లు 'ఏమప్పా, ఎప్పుడు పోతాండావ్?' అని అడగడం మొదలుపెడతారు. ఆగస్టులో నా దగ్గర డబ్బు అయిపోతుంది. సెప్టెంబరులో బావ దగ్గర అప్పు చేస్తాను. నాయన ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడమే నాకు కష్టం" అని రాశారు. కొడుకు ఏం చేస్తాడో ఎలా చెప్పాలో తెలియక, అమ్మ బంధువులందరితో "షిప్పులో ఉద్యోగం" అని చెబుతుందట.

ఈ ఏడాది కష్టాలు ఎక్కువయ్యాయి. ఫిబ్రవరిలో తిరగబడిన ఒక టూరిస్టు పడవను సరిచేస్తుండగా ఈయన కుడి భుజం జారింది. అక్కడే ఒక చిన్న క్లినిక్‌లో సరిచేయించుకుని, పది రోజులు ఆగి, పట్టీ కట్టుకుని మే దాకా పని చేశారు. ఇంట్లో చెప్పలేదు. మే నెల జీతం యజమాని ఇంకా ఇవ్వలేదు. ప్రొద్దుటూరు సంబంధం ఒకటి ఖాయమయ్యేలా ఉండి తప్పిపోయింది. ఆ అమ్మాయి "మీరు ఇంట్లో ఉండే నెలల్లో ఏం చేస్తుంటారు?" అని అడిగిందని, తనకు చాలా అవమానంగా అనిపించిందని రాశారు.

ఇప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. మైలవరం మండలంలో ఒక సోలార్ ప్లాంటులో సూపర్‌వైజర్ ఉద్యోగం, నెలకు 18,500. జూలై ఆఖరులోగా చెప్పాలి. రెండోది, యూరప్‌లో వచ్చే మే నుంచి సెప్టెంబరు దాకా కయాకింగ్ పని ఇప్పిస్తానని రెండున్నర లక్షలు అడుగుతున్న ఒక ఏజెంటు. "సముద్రం వదిలేయమంటారా, పట్టుకునే ఉండమంటారా?" అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమావాస్య రాత్రుల్లో అండమాన్‌లో తెడ్డు వేసిన చోటల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయని, అది చూసి డెబ్బై ఏళ్ల ఒక పెద్దావిడ చిన్నపిల్లలా ఏడ్చిందని రాశారు. ఆ భాగం చదివాక మీకు ఈ పని మీద ఎంత ప్రేమ ఉందో నాకు అనుమానం లేదు. అందుకే తొందరపడి వదిలేయండి అనను, వదలొద్దు అనీ అనను. ముందు చిక్కు విప్పుదాం.

అన్నిటికంటే ముందు భుజం. మిగతావన్నీ ఒక వారం ఆగగలవు, ఇది ఆగదు. ఒకసారి జారిన భుజం, అందులోనూ మీ వయసులో, మళ్లీ జారే అవకాశం ఎక్కువ. చెయ్యి భుజం కంటే పైకెత్తి వెనక్కి పోయినప్పుడు అది ఎంత బలహీనంగా ఉంటుందో మీరు మీ విద్యార్థులకు రోజూ చెప్పే పాఠమే. మోచేతులు కిందికి, ఒంటికి దగ్గరగా ఉంచమని మీరే చెబుతారు. ఆ పాఠం చెప్పే మనిషి భుజాన్ని ఇంతవరకు ఎముకల డాక్టరుకు చూపించకపోవడం నన్ను బాధపెట్టింది. కడపకో కర్నూలుకో వెళ్లి, లోపల ఏం చిరిగిందో, ఆపరేషన్ కావాలో, ఫిజియోథెరపీతో సరిపోతుందో తెలుసుకోండి. కండరాలు మళ్లీ పట్టు తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. మీకు ఖాళీగా కనిపిస్తున్న ఈ కాలం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇది మీ ఒక్కరి ఒంటి సంగతి కూడా కాదు. నీళ్లు నిండిన పడవ ముక్కును మీ పడవ మీదికి లాగి, ఒంపి, మనిషిని మళ్లీ ఎక్కించాలంటే భుజం పని చేయాలి. అలల్లో ఆ క్షణాన మళ్లీ జారితే నీళ్లలో ఇద్దరుంటారు, కాపాడేవాళ్లు ఉండరు. మీ వెనక వచ్చేవాళ్లు మిమ్మల్ని నమ్మి దిగుతున్నారు. అక్టోబరుకల్లా డాక్టరు సరేననకపోతే, లోతులేని చోట మొదటి పాఠాలు చెప్పే పనో, ఒడ్డున బుకింగులు చూసే పనో అడగండి. జీతం తగ్గించవచ్చు. ఆ తగ్గింపును నేనైతే ఒప్పుకుంటాను.

ఖర్చు గురించి ఒక మాట. మీకు ఆరోగ్య బీమా ఉందని, కాబట్టి టెన్షన్ లేదని రాశారు. ఆ పాలసీ కాగితాలు తీసి, మినహాయింపుల్లో 'ఎక్స్‌క్లూజన్ 09' అని ఉన్న చోట చదవండి. సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నప్పుడు తగిలిన దెబ్బలకు చికిత్స ఖర్చు ఇవ్వం అని అక్కడ రాసి ఉంటుంది. మన దేశంలో ఆరోగ్య పాలసీల్లో మామూలుగా ఉండే ప్రామాణిక మినహాయింపుల్లో ఇదొకటి. సరదాకు పోయిన టూరిస్టుకు, జీతానికి పనిచేసే మీకు అక్కడే తేడా వస్తుంది. కాబట్టి కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మీకు తెల్లకార్డు ఉంది కదా, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో మీ చికిత్స వస్తుందేమో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా అది 2 లక్షలిస్తుంది. ఆసుపత్రి బిల్లు మాత్రం కట్టదు.

ఇక డబ్బు. కాగితం మీద వేసి చూశాను. నెలకు 28,000 చొప్పున ఎనిమిది నెలలకు 2,24,000. సోలార్ ప్లాంటులో 18,500 చొప్పున పన్నెండు నెలలకు 2,22,000. ఏడాదికి తేడా రెండు వేలు! ఈ లెక్క మీరు ఎప్పుడైనా వేశారా? మీ బంధువులు గానీ, ప్రొద్దుటూరు వాళ్లు గానీ వేసి ఉండరు. వాళ్లకు పన్నెండు నెలల జీతం కనిపించింది, మీ నాలుగు నెలల ఖాళీ కనిపించింది. పైగా మీకు ఎనిమిది నెలలు తిండి, గది ఖర్చు లేదు.

అయితే లెక్క నిజాయితీగా వేయాలి. మే జీతం రాలేదు కాబట్టి ఈ ఏడాది మీకు వచ్చింది 1,96,000. సోలార్ వాళ్లకు పీఎఫ్ ఉందన్నారు. అంటే మీ బేసిక్ జీతంలో 12 శాతం మీరు దాస్తే, కంపెనీ తనవైపు నుంచి మరో 12 శాతం వేస్తుంది. మీ సముద్రం పనిలో అది లేదు. జబ్బు చేస్తే సెలవు జీతమూ లేదు. ఈ రెండూ చిన్నవి కావు.

సీజన్‌లో నెలకు పదివేలు ఇంటికి పంపుతున్నారు, మిగతాది కొంత దాచి, ఎక్కువ ఖర్చుపెట్టి, చేతిలో పదిహేను వేలతో జూన్‌లో దిగుతున్నారు. అంటే ఇంటికి ఏడాదికి ఎనభై వేలు ఇస్తున్నారు. కానీ ఆఖరి నాలుగు నెలలు పైసా రాదు కాబట్టి ఇంట్లో అందరికీ గుర్తుండేది ఆ నాలుగు నెలలే. దీన్ని ఇలా మార్చి చూడండి. జీతం పడిన రోజే 8,000 వేరే ఖాతాలో వేయండి. ఎనిమిది నెలలకు 64,000 అవుతుంది. ఇంటికి పదివేలకు బదులు ఏడువేలు పంపండి, కానీ పన్నెండు నెలలూ పంపండి. ఇంట్లో కూర్చున్న జూలైలో కూడా ఒకటో తేదీన అమ్మ చేతికి ఏడువేలు ఇవ్వండి. ఏడాదికి 84,000 అవుతుంది, ఇప్పుడిచ్చేదానికంటే నాలుగు వేలు ఎక్కువే. ఆ 64,000లో ఇంటికి 28,000 పోగా, మీ సొంత ఖర్చుకు నెలకు తొమ్మిది వేలు మిగులుతుంది. బావ దగ్గర చెయ్యి చాచే సెప్టెంబరు ఇక ఉండదు. సీజన్‌లో మీ చేతికి 13,000 మిగులుతుంది. దాంట్లోనే దారి ఖర్చులు, బట్టలు, ఫోను. కష్టమే గానీ, తిండీ గదీ దొరికే చోట సాధ్యమే.

మే జీతం వదులుకోవద్దు. తేదీలు, మొత్తం రాసి, గౌరవంగా, గడువు పెట్టి మెసేజ్ పంపండి. పాత మెసేజులు, గెస్టుల బుకింగులతో మీరున్న ఫోటోలు దాచుకోండి. స్పందన లేకపోతే పని చేసిన చోటి కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అండమాన్ చిన్న చోటు, అందరూ అందరికీ తెలుసు. ఫిర్యాదు చేస్తే అక్కడ మరో చోట పని దొరకడం కొంచెం కష్టం కావచ్చు. చేయకపోతే వచ్చే ఏడాది మీ తోటివాళ్లకు ఇదే జరగవచ్చు. ఏది భరించగలరో మీరే చూసుకోవాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికొద్దాం. మీకు అవమానంగా అనిపించింది. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అంత సూటైన ప్రశ్న ఇంకొకటి కనిపించలేదు. ఆ అమ్మాయి "సముద్రం ఎందుకు?" అనలేదు. "జీతం ఎంత?" అనలేదు. తను బతకబోయే ఇంట్లో నాలుగు నెలలు ఎలా ఉంటాయని అడిగింది. మీ దగ్గర జవాబు లేదు, అందుకే మీరు నొచ్చుకున్నారు. ఊళ్లో వాళ్లు "ఎప్పుడు పోతాండావ్?" అన్నా, నాయన మాట్లాడకపోయినా, అమ్మ షిప్పు ఉద్యోగం అని చెప్పినా అన్నిటి వెనకా ఉన్నది ఆ ప్రశ్నే.

మా ఇంటి సంగతి చెబుతాను. మాది రాజంపేట వైపు. మా నాయన పదకొండేళ్లు కువైట్‌లో పని చేశారు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. వచ్చిన మొదటి వారం ఇల్లంతా పండుగ. మూడో వారానికి ఆయన్ను ఎక్కడ ఇముడ్చుకోవాలో మాకెవరికీ తెలిసేది కాదు. ఆయన లేకుండా నడవడం ఇల్లు నేర్చుకుంది. కరెంటు బిల్లు అమ్మ కడుతుంది, అంగడికి అన్న పోతాడు, నేను సైకిల్ మీద రేషన్ తెస్తాను. ఆయన ఏ పని ముట్టుకున్నా ఎవరో ఒకరికి అడ్డమయ్యేవారు. పగలంతా అరుగు మీద కూర్చునేవారు. ఆయనకూ అవమానమే, మాకూ ఇబ్బందే. ఒకసారి అమ్మ ముందుగానే ఉత్తరం రాసింది, "ఈసారి దొడ్డి గోడ నువ్వు వచ్చినాకే కట్టిద్దాం" అని. ఆ సెలవులో మా నాయన నిజంగా ఇంటికొచ్చారు. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

మీ ఉత్తరంలో పదో పేజీ చివర ఒక్క వాక్యం ఉంది. "పోయినేడు నాయన నాలుగెకరాలూ గుత్తకు ఇచ్చేశాడు" అని. దాని ముందూ వెనకా ఏమీ రాయలేదు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

మీది నల్లరేగడి, పప్పుశనగ వేసే చేను అన్నారు. అంటే ఆ చేనూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖాళీగానే ఉంటుంది. వానలు తాగుతుంది, దుక్కి చేసి ఉంచుతారు, అక్టోబరులో అదను చూసి విత్తుతారు, జనవరి ఫిబ్రవరిలో కోత. దాన్నెవరూ ఖాళీ చేను అని చిన్నచూపు చూడరు, దాని కాలం అది. సీజన్ పని అంటే ఏమిటో మీ నాయనకు ఎవరూ నేర్పాల్సిన అవసరం లేదు. ఏడాదంతా జీతం వచ్చే ఇంట్లో పుట్టిన వాళ్లకంటే ఆయనకే అది బాగా తెలుసు. కాబట్టి ఆయన మౌనానికి కారణం మీరనుకుంటున్నది కాకపోవచ్చు.

తేదీలు చూడండి. విత్తనం వేసే అక్టోబరులోనే మీరు రైలెక్కుతారు. కోతకొచ్చేటప్పటికి మీరు కర్ణాటక నుంచి అండమాన్‌కు మారుతుంటారు. ఆరేళ్లుగా ఇంట్లో పని లేనప్పుడు మీరుంటున్నారు, పని ఉన్నప్పుడు ఉండటం లేదు. మీ నాయనకు అరవై దాటాయి. ఆయన చేను గుత్తకిచ్చింది మీ మీద కోపంతోనో, ఒంటరిగా చేయలేకో, మోకాళ్ల నొప్పులతోనో నాకు తెలియదు. మీకూ తెలియదనే అనిపిస్తోంది, ఎందుకంటే అడిగానని రాయలేదు.

ఇది దృష్టిలో పెట్టుకుని దారులు చూద్దాం.

సోలార్ ఉద్యోగం. దగ్గర, స్థిరం, పీఎఫ్, భుజానికి విశ్రాంతి, ఇంట్లో మనశ్శాంతి, పెళ్లి మాటలు మళ్లీ మొదలవుతాయి. కానీ అక్కడ చేరితే ఆరేళ్ల అనుభవం మెల్లగా పాతబడుతుంది. సముద్రం చదవడం రోజూ చేస్తేనే చేతిలో ఉంటుంది. రెండేళ్ల తర్వాత తిరిగి పోవాలంటే కొత్త కుర్రాళ్ల వెనక నిలబడాలి. ఒక సీజన్ మానేస్తే మాత్రం ఏమీ పోదు. భుజానికి ఆపరేషన్ అవసరమని తేలితే ఈ ఉద్యోగాన్ని ఒక ఏడాదికి ఒప్పుకోవడం తెలివైన పనే. దాన్ని ఓడిపోవడంగా చూడొద్దు. చేరేముందు మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో, సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటారేమో కనుక్కోండి. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి. మీరు ఆగస్టు మనసుతో, అప్పు భయంతో ఈ ఉద్యోగంలో చేరితే ఏడాది తిరగకముందే దాన్ని ద్వేషిస్తారని నా భయం.

యూరప్ ఏజెంటు విషయంలో గట్టిగా చెబుతాను. "టూరిస్టు వీసా మీద పోయి, అక్కడ మార్చుకోవచ్చు" అన్నాడని రాశారు. ఆ ఒక్క మాటతో ఆ దారి మూసుకుపోయినట్టే. టూరిస్టు వీసా మీద జీతానికి పని చేస్తే పట్టుబడిన రోజు వెనక్కి పంపుతారు, మళ్లీ కొన్నేళ్లు రానివ్వరు. మన కడప జిల్లాలో వీసా మోసం ఎరగని ఊరుందా? విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. చట్టప్రకారం ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000, దానిపై జీఎస్టీ. రెండున్నర లక్షలు ఎందుకో అడగండి.

విదేశం అనే ఆలోచన మాత్రం తప్పు కాదు. మనకు వానలున్నప్పుడు యూరప్‌లో ఎండాకాలం, మీ ఖాళీకి సరిగ్గా అతుకుతుంది. దానికి ముందు అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ కావాలి. అమెరికన్ కనూ అసోసియేషన్‌ది గానీ, ఇంతకుముందు బ్రిటిష్ కనూయింగ్ అని ఉండి ఇప్పుడు పాడిల్ యూకే అయిన సంస్థది గానీ. ఆస్ట్రేలియా 2024 నుంచి మన దేశం వాళ్లకు ఏడాదికి వెయ్యి 'వర్క్ అండ్ హాలిడే' వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తోంది. మన వానాకాలంలో అక్కడ చలికాలం, అది గుర్తుంచుకోండి. దరఖాస్తు నాటికి 31 నిండకూడదు. మీకు ముప్పై, కాబట్టి ఉన్న సమయం తక్కువ. లాటరీని నమ్ముకుని వేరేవి ఆపొద్దు, పేరు వేయడంలో మాత్రం తప్పులేదు. ఏజెంటుకు ఇద్దామనుకున్న డబ్బులో చిన్న భాగంతో సర్టిఫికెట్ వస్తుంది. అది మీ పేరు మీద ఉంటుంది, ఎవరూ ఎగ్గొట్టలేరు.

ఇంకో దారి మీ ఉత్తరంలో లేదు. వానాకాలంలో సముద్రం ఆగితే కొన్ని నదులు లేస్తాయి. లద్దాఖ్‌లో సింధు, జంస్కార్ నదుల మీద రాఫ్టింగ్ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటుంది. కొడగులో బారపోళె నది వానల్లోనే నడుస్తుంది. మీలాంటివాళ్లు కొందరు అలా ఏడాది నింపుకుంటారు. కానీ సముద్రం తెలిసినంత మాత్రాన నది తెలిసినట్టు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. రాళ్లు, సుడులు, తాడు విసరడం వేరే విద్య. మొదటి రెండు సీజన్లు తక్కువ డబ్బుకు సహాయకుడిగా నేర్చుకోవాలి. ఈ భుజంతో ఈ ఏడాది అసలు వద్దు. ఇంకో సంగతి, ఆ దారి పడితే మీరు ఇంట్లో ఉండేది ఏడాదికి రెండు మూడు వారాలే. ఖాళీ ఉండదు, ఇల్లూ ఉండదు.

ఆఖరుది, మీ ఇంటి ముందున్న నీళ్లు. "మన పెన్నలో ఏముంది లెండి" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. ఇరవై ఆరు టీఎంసీలకు పైగా పట్టే గండికోట రిజర్వాయరు మీ పక్కనే ఉంది. శ్రీశైలానికి వరద వచ్చాక అవుకు రిజర్వాయరు మీదుగా కృష్ణా నీళ్లు అక్కడికి చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరు మీరు ఖాళీగా ఉండే నెలలే. అయితే ఇష్టమొచ్చినట్టు పడవ దింపడానికి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాక మన రాష్ట్రంలో పడవల అనుమతులు కట్టుదిట్టమయ్యాయి. అలా ఉండటమే మంచిది. సొంతంగా పెట్టాలంటే అనుమతులు, పెట్టుబడి, కాలయాపన అన్నీ ఉంటాయి. అప్పు తెచ్చి మొదలుపెట్టమని నేను చెప్పను. టూరిస్టులు గండికోటకు ఎక్కువగా వచ్చేది చలికాలంలో, అప్పుడు మీరు సముద్రం మీద ఉంటారు, అదీ చూసుకోవాలి. మొదటి అడుగుగా, ఇప్పటికే అనుమతితో బోట్లు నడుపుతున్న చోట రక్షణ శిక్షణ ఇచ్చే పని అడగవచ్చు. మైలవరం నీళ్లలో గుండ్రటి పుట్టి పడవ వేసుకుని చేపలు పట్టేవాళ్ల పిల్లలకు లైఫ్ జాకెట్ కట్టుకోవడం, పడినవాణ్ని ఒడ్డుకు చేర్చడం నేర్పవచ్చు. దానికి డబ్బులు పెద్దగా రావు. కానీ మీ పని ఏమిటో మీ ఊరు కళ్లారా చూస్తుంది. మీ అమ్మ ఇక షిప్పు అనక్కర్లేదు, "మా వాడు నీళ్లల్లో అయివారు" అని చెప్పుకోగలదు. ఒక్క మనవి. ఆ రిజర్వాయరు కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. అక్కడ ఏం మొదలుపెట్టినా వాళ్లతో మాట్లాడి, వాళ్ల పిల్లలను కలుపుకుని చేయండి.

సోలార్ వాళ్లకు జూలై ఆఖరు గడువు. డాక్టరు మాట రెండు వారాల్లో తెలుస్తుంది. కాబట్టి ముందు ఆసుపత్రి, తర్వాత జవాబు. వారం అదనంగా అడిగినా తప్పులేదు, ఇవ్వకపోతే పోయేదీ లేదు.

భుజం సంగతి ఇంట్లో ఈ రోజే చెప్పండి. ఎరువు మూట ఎత్తలేక తప్పుకుంటుంటే బద్ధకం అనుకునే అవకాశం ఉంది. మీరు దాచిన నొప్పి వాళ్లకు అలా కనిపిస్తోందేమో.

ఆ తర్వాత మీ నాయనతో కలిసి చేను దాకా నడవండి. ఇంట్లో కూర్చుని అడిగితే ఆయన ఏమీ అనరు, గట్టు మీద నిలబడితే అనవచ్చు. గుత్త గడువు ఎప్పటిదాకా అని అడగండి. "అక్టోబరులో విత్తనం వేసేదాకా నేనుంటే ఒక రెండెకరాలైనా మనమే వేద్దామా?" అని అడగండి. సరేనంటే కర్ణాటక యజమానికి ఇప్పుడే ఫోన్ చేసి, ఈసారి నవంబరు మొదట్లో వస్తానని చెప్పి చూడండి. ఒక నెల జీతం, 28,000, తగ్గుతుంది. అప్పుడు నేను పైన వేసిన లెక్క కూడా తప్పుతుంది, దాన్ని మళ్లీ వేసుకోవాలి. ఆయన ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదమూ ఉంది. మీ నాయన "వద్దులేరా, నాకు చేతకాదు" అంటే, అదీ మీకు తెలియాల్సిందే. ఆయన ఏమన్నారో, డాక్టరు ఏమన్నారో నాకు రాయండి. సముద్రమా, సోలారా అన్నది ఆ రెండూ తెలిశాక మళ్లీ మాట్లాడుకుందాం.